అర్హత ఉంది, కార్డు లేదు: ఆరోగ్య కవరేజీ దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోంది?

ప్రభుత్వ ఆరోగ్య కవరేజీ కోసం స్థానిక కార్యాలయం మెట్లెక్కేవాళ్లలో ఎక్కువమంది తీరిగ్గా వచ్చినవాళ్లు కారు. ఉద్యోగం పోయిన మరుసటి వారమో, డాక్టరు స్కానింగ్ రాసిన రోజునో, ఆసుపత్రి బిల్లింగ్ దగ్గర "కార్డు ఉందా?" అని అడిగాకో వస్తారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఇంట్లో దొరికిన కాగితాలన్నీ ఉంటాయి. ఏది అడుగుతారో తెలియదు కాబట్టి అన్నీ తెచ్చుకుంటారు. టోకెన్ పట్టుకుని గంటలకొద్దీ కూర్చున్నాక, ఆ కవర్లో లేని కాగితం ఒక్కటి ఉంటుంది చూడండి, సరిగ్గా దాన్నే అడుగుతారు.

ఇది ఏ ఒక్క దేశానికో పరిమితమైన కష్టం కాదు. పథకం పేరు మారుతుంది, కార్యాలయం బోర్డు మారుతుంది, అంతే. చట్టం ఒక మనిషికి హక్కు ఇవ్వడం వేరు, ఆసుపత్రిలో ఆ మనిషి ఆ హక్కును వాడుకోగలగడం వేరు. రెండింటి మధ్య ఉన్న దూరమంతా ఆ కౌంటర్ దగ్గరే ఉంది. ఆ దూరం ఎవరు నడవాలి? జబ్బుతో ఉన్న మనిషా, కంప్యూటర్లూ రికార్డులూ సిబ్బందీ ఉన్న ప్రభుత్వమా? పథకాల గురించి జరిగే చర్చ ఎంతసేపూ ఎన్ని లక్షలిస్తారు, ఎన్ని జబ్బులకిస్తారు, ఎన్ని ఆసుపత్రుల్లో ఇస్తారు అనే దగ్గరే తిరుగుతుంది. ఫారంలోని గళ్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. చాలామందికి కవరేజీ ఆగిపోయేది మాత్రం ఆ గళ్ల దగ్గరే.

ఆదాయం గడినే తీసుకుందాం. "నెలసరి ఆదాయం" అని ఉంటుంది, పక్కన చిన్న ఖాళీ. నెలజీతం వచ్చే ఉద్యోగికి అది ఒక్క క్షణం పని. రెండు మూడు చోట్ల గంటల లెక్కన పనిచేసే ఒక మహిళను ఊహించుకోండి. కిందటి నెల పని బాగా దొరికింది. ఈ నెల పిల్లాడికి జ్వరం వచ్చి పది రోజులు పోయాయి. వచ్చే నెల సంగతి ఆమెకే తెలియదు. ఏ నెల రాయాలి? ఎక్కువ రాస్తే అర్హత పోతుందేమోనని భయం, తక్కువ రాస్తే తప్పు రాశావంటారేమోనని భయం. అమెరికాలో ఈ ప్రశ్న మరీ గట్టిగా తగులుతుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం 1965లో వచ్చిన మెడికెయిడ్‌కు కొత్తగా దరఖాస్తు చేస్తే ప్రస్తుత నెల ఆదాయం చూస్తారు. ఆదాయం అంతకంటే కాస్త ఎక్కువ ఉన్నవాళ్లు ప్రభుత్వ రాయితీతో కొనుక్కునే బీమాకు మాత్రం ఏడాది మొత్తం ఆదాయం అంచనా వేసి చెప్పాలి. ఒకే మనిషి, రెండు ప్రశ్నలు, రెండు వేర్వేరు అంకెలు, రెండూ నిజమే. ఆ తేడా కౌంటర్లో ఎవరూ విడమరిచి చెప్పకపోతే ఆమె ఒక తలుపు దగ్గర నుంచి ఇంకో తలుపు దగ్గరకు తిరుగుతూనే ఉంటుంది.

దాని పక్కనే ఉంటుంది కుటుంబం గడి. ఇంట్లో ఎంతమంది అన్నది లెక్కపెట్టి చెప్పేయొచ్చు అనిపిస్తుంది. కానీ ఫారం అడిగే "కుటుంబం", ఇంట్లో ఉండే కుటుంబం ఒకటి కాకపోవచ్చు. మెడికెయిడ్‌లో చాలావరకు పన్ను రిటర్నులో ఎవరు ఎవరి మీద ఆధారపడినట్టు చూపించారన్న దాన్ని బట్టి కుటుంబాన్ని లెక్కిస్తారు. ఒకే కప్పు కింద ఉంటున్న పెద్దావిడ కాగితం మీద వేరే కుటుంబం కావచ్చు. ఇది తెలియక ఇంట్లో అందరి సంపాదనా కలిపి రాసేసి, అర్హత ఉండీ తిరస్కరణ తెచ్చుకునే ప్రమాదం ఉంది.

భారతదేశంలో 2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ఈ చిక్కును ఇంకోలా విప్పాలని చూసింది. దరఖాస్తు చేసుకుని పేదరికం నిరూపించుకోవాల్సిన అవసరం లేకుండా, 2011 సామాజిక ఆర్థిక కుల గణన జాబితాలో ఉన్న పేద కుటుంబాలు నేరుగా అర్హులన్నారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స, కుటుంబ సభ్యుల సంఖ్యకు పరిమితి లేదు, ముందునుంచీ ఉన్న జబ్బులకూ వర్తిస్తుంది. మొదట్లో జాబితా పరిధి 10.74 కోట్ల కుటుంబాలు. ఆలోచన మంచిది. పేదరికం నిరూపించుకునే భారాన్ని దరఖాస్తుదారు నెత్తి మీద నుంచి దింపింది. అయితే ఆ భారం పూర్తిగా పోలేదు, రూపం మార్చుకుంది. "నేను పేదను" అని నిరూపించే బదులు "ఆ జాబితాలో ఉన్నది నేనే" అని నిరూపించాలి. గణన చేసినవాళ్లు పేరును ఒక రకంగా రాసుకున్నారు, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పుట్టిన సంవత్సరం రెండేళ్లు తేడా. ఆ రెండు రికార్డులూ ఎంతవరకు సరిపోలాయో కంప్యూటర్ లెక్కగట్టి చూపిస్తుంది, ఆ తర్వాత ఆమోదం కోసం పైకి పంపుతారు. అక్షరం తేడా ఎవరి తప్పో గానీ, దాన్ని సరిచేయించుకునే తిరుగుడు మాత్రం ఆ మనిషిదే. గణన తర్వాత పెళ్లయి వచ్చిన కోడలు, పుట్టిన పిల్లలు జాబితాలో ఉండరు. వాళ్లను చేర్పించడానికి మళ్లీ రుజువులు. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన వాళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా ఈ పథకం వర్తింపజేశారు. అక్కడ నిరూపించాల్సింది వయసు, మనిషి ఎవరన్నది మాత్రమే. తేడా ఎంతుందో చూడండి. అడిగే ప్రశ్న చిన్నదైన కొద్దీ కౌంటర్ దగ్గర ఆగిపోయే అవకాశం తగ్గుతుంది.

థాయిలాండ్ ఈ సంగతిని ముందే పట్టుకుంది. 2002లో జాతీయ ఆరోగ్య భద్రత చట్టం తెచ్చినప్పుడు వాళ్లు ఎవరు పేదలు అన్న ప్రశ్నతో మొదలుపెట్టలేదు. ప్రభుత్వోద్యోగులకు ఒక పథకం ఉంది, ప్రైవేటు ఉద్యోగులకు సామాజిక భద్రత ఉంది, ఈ రెండింటిలోనూ లేని పౌరులంతా కొత్త పథకంలోకి వస్తారు. అంటే కూడిక బదులు తీసివేత. ప్రతి పౌరుడికీ 13 అంకెల గుర్తింపు సంఖ్య ముందునుంచీ ఉండటం వల్ల ఆ తీసివేత కాగితాల మీద సాధ్యమైంది. వెళ్లిన ప్రతిసారీ 30 భాట్ (అక్కడి కరెన్సీ) చెల్లిస్తే చికిత్స అన్న మాట జనంలో బాగా పాకింది. అందరూ ఆ 30 భాట్ గురించే చెప్పుకుంటారు కానీ, ఆదాయ ధ్రువపత్రం అడగకపోవడమే దానికంటే పెద్ద విషయం అనిపిస్తుంది. డబ్బు లేనందుకు ఆగిపోయేవాడికి 30 భాట్ దారి చూపిస్తుంది. కాగితం లేనందుకు ఆగిపోయేవాడికి ఏ రాయితీ ఇచ్చినా ఉపయోగం లేదు. అయితే పౌరసత్వ పత్రాలే లేనివాళ్లు ఆ తీసివేతలోనూ మిగలరు. థాయిలాండ్‌లో ఎలాంటి జాతీయతా లేని కుటుంబాల విషయంలో అదే జరిగింది, వాళ్లలో కొందరి కోసం 2010లో విడిగా నిధి పెట్టాల్సి వచ్చింది.

జపాన్ సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ ఈ పనంతా జరిగేది అచ్చంగా స్థానిక కార్యాలయంలోనే. 1961 నుంచి అక్కడ అందరికీ ఆరోగ్య బీమా తప్పనిసరి. ఉద్యోగం ఉన్నంతకాలం కంపెనీ ద్వారా బీమా ఉంటుంది. ఉద్యోగం మానేసినా, ఊరు మారినా, వేరే బీమాలోకి వెళ్లనివాళ్లు 14 రోజుల్లోపు మున్సిపల్ కార్యాలయానికి వెళ్లి జాతీయ ఆరోగ్య బీమాలో నమోదు కావాలి. పాత బీమా ఏ తేదీన ఆగిపోయిందో చెప్పే పత్రం వెంట తెచ్చుకోవాలి. నెలల తర్వాత వెళ్తే ఏమవుతుంది? ప్రీమియం వెళ్లిన రోజు నుంచి మొదలు కాదు, పాత బీమా ఆగిన రోజుకు వెనక్కి వెళ్లి మరీ లెక్కగడతారు. మధ్యలో ఆసుపత్రికి వెళ్లి ఉంటే మాత్రం, మామూలుగా కట్టాల్సిన 30 శాతం బదులు బిల్లు మొత్తం ముందు జేబులోంచే పోతుంది. ఆలస్యానికి రెండు వైపులా దెబ్బ తగులుతుందన్నమాట.

ఆ కౌంటర్ దగ్గరే ఇంకో విషయం ఉంది. ప్రీమియం కిందటేడాది ఆదాయం మీద వేస్తారు. కిందటేడాది మంచి జీతం, ఈ ఏడాది ఉద్యోగం లేదు అనుకోండి. చేతిలో రాబడి లేని సమయంలో పాత జీతానికి తగ్గ ప్రీమియం నోటీసు ఇంటికొస్తుంది. దీనికి విరుగుడు కూడా అక్కడి నిబంధనల్లో ఉంది. కంపెనీ మూతపడో, యాజమాన్యం తీసేసో ఉద్యోగం పోయిన 65 ఏళ్లలోపు వాళ్లకు పాత జీతంలో 30 శాతమే ఆదాయంగా లెక్కగట్టే వెసులుబాటు 2010 నుంచి అమల్లో ఉంది. కానీ దానికి ఉపాధి కార్యాలయం ఇచ్చిన పత్రం చూపించి అడగాలి. వెసులుబాటు ఉందని తెలిసినవాడికి అది చాలా పెద్ద ఊరట. తెలియనివాడు అదే కౌంటర్ ముందు అదే కుర్చీలో కూర్చుని, పూర్తి ప్రీమియం నోటీసు పట్టుకుని ఇంటికి వెళ్లే ప్రమాదం ఉంది. "మీ ఉద్యోగం ఎలా పోయింది?" అన్న ఒక్క ప్రశ్న కౌంటర్ అవతలి నుంచి వస్తే సరిపోతుంది.

పరిపాలన మీద పరిశోధన చేసేవాళ్లు ఈ భారాన్ని మూడు ముక్కలుగా చూస్తారు. ఏముందో తెలుసుకునే భారం, కాగితాలు సమకూర్చుకుని తిరిగే భారం, మనసు మీద పడే భారం. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి. మూడోది కనిపించదు కానీ బరువులో తక్కువేం కాదు. వరుసలో వెనక పదిమంది వింటుండగా ఆదాయం ఎంత, భర్త ఎక్కడున్నాడు, జబ్బేంటి అని గట్టిగా అడిగితే ఆ మనిషి రెండోసారి రావడానికి కాళ్లాడవు. భాష రాని తల్లి పక్కన నిలబడి పన్నెండేళ్ల పిల్ల తర్జుమా చేస్తుంటుంది. "మీ అమ్మకున్న గడ్డ క్యాన్సర్ అని తేలిందా?" అన్న ప్రశ్నను ఆ పిల్లే తల్లికి చెప్పాలి, తల్లి జవాబును ఆ పిల్లే తిరిగి చెప్పాలి. మెడికెయిడ్ కార్యాలయాల్లో దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలన్న నిబంధన ఉంది. దుబాసీ కావాలని అడగడానికే భాష రానివాళ్లకు ఆ నిబంధన ఉందని ముందుగా చెప్పాల్సింది కార్యాలయమే.

కౌంటర్ వెనక కూర్చున్నవాళ్ల మీద నెపం వేయడం తేలిక. వాళ్లలో చాలామంది మంచివాళ్లే, సహాయం చేద్దామనుకునేవాళ్లే. ఒక్కో కేసుకు ఇన్ని నిమిషాలని లెక్క, పైనుంచి వచ్చే తనిఖీలు, తప్పుగా ఆమోదిస్తే సంజాయిషీ. తప్పుగా తిరస్కరిస్తే మాత్రం, దరఖాస్తుదారు అప్పీలు చేస్తే తప్ప, ఎవరూ అడగరు. ఈ ఒంటివైపు భయం ఉన్నంతకాలం "ఇంకో కాగితం తీసుకురండి" అన్న మాటే ఉద్యోగికి క్షేమమైన మాట. అందుకే కాగితం లోపించినప్పుడు ఏది కావాలో, ఎప్పటిలోగా కావాలో రాతపూర్వకంగా ఇవ్వడం ఎంతో ముఖ్యం. నోటిమాటగా చెప్పింది ఇంటికెళ్లేసరికి సగం మరచిపోతారు. మళ్లీ వచ్చేసరికి కౌంటర్లో వేరే మనిషి ఉంటారు, ఆయన వేరే కాగితం అడుగుతారు.

ఈ తిరుగుడులో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కాగితాలన్నీ చేతికొచ్చాకే దరఖాస్తు ఇద్దామని ఆగుతారు. మెడికెయిడ్‌లో సంతకం చేసిన దరఖాస్తు చేరిన తేదీకి చాలా విలువుంది. నిర్ణయం చెప్పడానికి గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది, మామూలుగా 45 రోజులు, వైకల్యం ఆధారంగా అడిగితే 90 రోజులు. దరఖాస్తు చేసిన నెలకు ముందు మూడు నెలల్లో అర్హత ఉండి ఉంటే, అప్పటి ఆసుపత్రి బిల్లులకు కూడా కవరేజీ ఇచ్చే పద్ధతి దశాబ్దాలుగా ఉంది, కొన్ని రాష్ట్రాలు ప్రత్యేక అనుమతితో దాన్ని కుదించుకున్నా. కాబట్టి ఒక కాగితం కోసం ఒక నెల ఆగితే ఒక నెల బిల్లు వెనక నుంచి జారిపోవచ్చు. ముందు దరఖాస్తు, తర్వాత కాగితాలు. ఇచ్చినదానికి తేదీ వేసిన రసీదు చేతికి తీసుకోవాలి. పెండింగ్‌లో ఉందో, అసలు చేరనే లేదో తేలని దరఖాస్తు విషయంలో ఆ రసీదు తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

మెడికెయిడ్‌లో వయసు మళ్లినవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు కాగితాల భారం ఇంకా ఎక్కువ. వాళ్లకు ఆదాయంతో పాటు ఆస్తుల లెక్క కూడా ఉంటుంది. చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే ఆస్తుల పరిమితి ఒంటరి మనిషికి 2,000 డాలర్లు. ఆ అంకె 1989 నుంచి మారలేదు. నర్సింగ్ హోమ్ ఖర్చు కోసం అడిగితే వెనక్కి 60 నెలల్లో ఎవరికైనా డబ్బో ఆస్తో ఇచ్చేశారా అని చూస్తారు. మతిమరుపు ముదిరిన తండ్రి ఐదేళ్ల కిందట బ్యాంకు నుంచి తీసిన మొత్తం ఎక్కడికి పోయిందో కొడుకో కూతురో వెతికి చెప్పాలి. చెప్పాల్సిన మనిషికి గుర్తులేదు, గుర్తుండాల్సిన బ్యాంకు పేరే మారిపోయి ఉంటుంది.

దరఖాస్తు కంటే రెన్యువల్ ప్రమాదకరం అన్న విషయం చాలా ఆలస్యంగా తేలింది. మొదటిసారి వచ్చేవాడికి కనీసం తనకు కవరేజీ లేదని తెలుసు. రెన్యువల్ ఆగినవాడికి ఆ సంగతి మందుల షాపు కౌంటర్లోనే తెలుస్తుంది. అమెరికాలో కొవిడ్ కాలంలో మెడికెయిడ్ ఎవరికీ తీసేయకూడదని నిబంధన పెట్టారు. 2023 మార్చి 31తో అది ముగిసింది. తర్వాత రాష్ట్రాలు అందరి అర్హతనూ మళ్లీ పరిశీలించాయి. ఆ ప్రక్రియ ముగిసేసరికి 2.5 కోట్ల మందికి పైగా కవరేజీ పోయింది. వాళ్లలో దాదాపు 70 శాతం మందిని తీసేసింది అర్హత లేదని తేలినందువల్ల కాదు. ఫారం తిరిగి రాలేదనో, ఉత్తరం పాత అడ్రసుకు వెళ్లిందనో, కాగితం అందలేదనో, అంటే ప్రక్రియ పూర్తి కాలేదన్న కారణంతో తీసేశారు. అద్దె కట్టలేక ఇల్లు మారినవాళ్లు ఎక్కడుంటారో ప్రభుత్వానికి తెలియదు. అద్దె కట్టలేని పరిస్థితే వాళ్ల అర్హతకు రుజువు.

అలా పోయిన కవరేజీని తిరిగి తెచ్చుకునే దారులు ఉన్నాయి. రెన్యువల్ ఫారం ఇవ్వనందుకు తీసేస్తే, చాలామందికి 90 రోజుల్లోపు ఆ ఫారం ఇస్తే కొత్త దరఖాస్తు లేకుండానే మళ్లీ పరిశీలిస్తారు. తీసేసే ముందు మామూలుగా కనీసం 10 రోజుల నోటీసు ఇవ్వాలి. కవరేజీ ఆగే తేదీకి ముందే విచారణ కోరితే, తీర్పు వచ్చేదాకా సాధారణంగా కవరేజీ కొనసాగించమని అడగొచ్చు. ఈ హక్కులన్నీ నోటీసులోనే రాసి ఉంటాయి, కాకపోతే ఐదో పేజీలోనో ఆరో పేజీలోనో.

ఆన్‌లైన్ వస్తే ఈ బాధలన్నీ తీరతాయన్న ఆశ అన్నిచోట్లా ఉంది. ఘనాలో అది కొంతవరకు నిజమైంది. 2003 చట్టంతో వచ్చిన అక్కడి జాతీయ ఆరోగ్య బీమా సభ్యత్వాన్ని ఏటా రెన్యువల్ చేసుకోవాలి, దానికోసం జిల్లా కార్యాలయం దగ్గర వరుసల్లో నిలబడేవారు. 2018 చివర్లో మామూలు ఫోన్ నుంచే, ఇంటర్నెట్ లేకుండానే రెన్యువల్ చేసుకునే ఏర్పాటు వచ్చింది. అదే 2018లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం ఇంకో దారి పట్టింది. మెడికెయిడ్ ఉంచుకోవాలంటే నెలకు 80 గంటలు పనిచేసినట్టు చూపించాలని, అదీ మొదట్లో ఆన్‌లైన్‌లోనే చూపించాలని పెట్టింది. ఆ వెబ్‌సైట్ రాత్రి 9 నుంచి ఉదయం 7 వరకు మూసి ఉండేది. పగలంతా పనిచేసి రాత్రి ఇంటికొచ్చి గంటలు నమోదు చేద్దామంటే తలుపు వేసి ఉండేది. కొద్ది నెలల్లో 18,000 మందికి పైగా కవరేజీ పోగొట్టుకున్నారు. 2019 మార్చిలో కోర్టు దాన్ని నిలిపేసింది. ఘనా ఏర్పాటు జనం చేతిలో ఉన్న వస్తువు నుంచి మొదలైంది. ఆర్కాన్సా ఏర్పాటు జనం దగ్గర ఏముండాలని అధికారులు అనుకున్నారో దాన్నుంచి మొదలైంది.

ప్రభుత్వం తన దగ్గరున్న వివరాలను తనే చూసుకోవచ్చు కదా? చూసుకోవచ్చు. మెడికెయిడ్ నిబంధనల ప్రకారం రాష్ట్రాలు ముందు జీతాల రికార్డులు, ఇతర పథకాల వివరాలు సరిచూసి, అర్హత తేలితే ఫారం పంపకుండానే రెన్యువల్ చేయాలి. ఈ పని బాగా చేసిన రాష్ట్రాల్లో చాలామంది కవరేజీ వాళ్లకు తెలియకుండానే కొనసాగింది. చేయని రాష్ట్రాల్లో అవే వివరాలను మళ్లీ కాగితం మీద రాసి పంపమని అడిగారు.

అమెరికాలో 2025 జూలై 4న సంతకమైన చట్టం ఈ లెక్కను మళ్లీ దరఖాస్తుదారు వైపు జరిపింది. మెడికెయిడ్ విస్తరణలో, అంటే రాష్ట్రాలు ఆ పథకాన్ని తక్కువ ఆదాయం ఉన్న మరింతమందికి వర్తింపజేసినప్పుడు, కవరేజీ పొందిన వయోజనులు, మినహాయింపులు ఉన్నవాళ్లు తప్ప, 2027 జనవరి 1 నాటికి నెలకు 80 గంటల పనో, చదువో, సేవో చూపించాలి. వాళ్లకు రెన్యువల్ ఏడాదికోసారి బదులు ఆరు నెలలకోసారి. వెనకటి బిల్లులకు కవరేజీ మూడు నెలల నుంచి ఈ విభాగం వాళ్లకు ఒక నెలకు తగ్గుతుంది. మొదట్లో చెప్పుకున్న ఆ గంటల లెక్క పనిమనిషి అప్పుడు ఆ ఫారం ముందు కూర్చుంటే, ఆదాయం గడి పక్కన గంటల గడి కూడా కనిపిస్తుంది. కిందటి నెల 110 గంటలు, ఈ నెల పిల్లాడి జ్వరం వల్ల 62. ఆ 62 నిజమే. ఒక ఇంటి యజమాని సంతకం పెడతానన్నాడు, ఇంకొకాయన ఫోన్ ఎత్తడం లేదు, మూడో ఇంటివాళ్లు ఊరు మారిపోయారు. పిల్లాడి వయసు 13 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే ఆమెకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ఫారంలో ఆ గడి ఎక్కడుందో చూపించి, అక్కడ టిక్కు పెట్టమని చెప్పే మనిషి ఆ రోజు కౌంటర్లో ఉండాలి.